వెచ్చని అరుగు: రాకెట్ మాస్ హీటర్ కట్టుకోవడం ఎలా

మా హాల్లో గోడ వెంట ఎనిమిది అడుగుల మట్టి అరుగు ఉంది. దాని చివర, ఒక ఇనుప డ్రమ్ము కింద, చిన్న పొయ్యి. ఈ పొయ్యీ అరుగూ కలిసిందే రాకెట్ మాస్ హీటర్. రాత్రి తొమ్మిదింటికల్లా మంట ఆరిపోతుంది. తెల్లవారి ఆరింటికి, బయట మైనస్ 12 డిగ్రీల సెల్సియస్ ఉన్న రోజున కూడా, ఆ అరుగు మీద చెయ్యి ఆనిస్తే ఎవరో అప్పుడే లేచి వెళ్లిన పరుపులా వెచ్చగా ఉంటుంది. మేముండేది అమెరికాలో, వాషింగ్టన్ రాష్ట్రపు తూర్పు భాగంలో. నవంబరు నుంచి మార్చి దాకా ఇల్లు వేడి చేసుకోక తప్పదు.

చలి నెలల తరబడి ఉండే చోట సొంత ఇల్లున్న తెలుగువారి కోసం ఇది రాస్తున్నాను. లంబసింగిలోనో అరకులోనో వచ్చే కొద్ది వారాల చలికి ఇంత బరువైన కట్టడం అక్కర్లేదు. అద్దె ఇంట్లో ఉన్నవారికీ, మేడ మీద ఉన్నవారికీ ఇది కుదరదు. ఎందుకో కింద బరువు లెక్క చూస్తే తెలుస్తుంది.

పొగ అంటే కాలకుండా పోయిన కట్టె

మొదట ఇది మనసుకు పట్టాలి. ఎండు కట్టె బరువులో దాదాపు నాలుగింట మూడు వంతులు వేడి తగలగానే వాయువుగా మారి బయటికి వస్తుంది. ఆ వాయువుకు తగినంత వేడి, గాలి, కాస్త వ్యవధి దొరికితే మంటవుతుంది. దొరక్కపోతే పొగవుతుంది, మసవుతుంది, గొట్టం లోపల తారులా పేరుకుంటుంది. మామూలు ఇనుప పొయ్యిలో రాత్రంతా నిప్పు నిలవాలని గాలి దారి బిగించేస్తారు. కట్టె నెమ్మదిగా మగ్గుతుంది, అందులోని వేడిలో చాలా భాగం పొగగా ఆకాశంలోకి పోతుంది.

రాకెట్ పొయ్యిలో గాలిని బిగించం. సన్నని కట్టెలను రెండు మూడు గంటలు ధాటిగా మండించి, వచ్చిన వేడినంతా మట్టిలో దాచుకుంటాం. నిప్పును నిలబెట్టుకోవడం మానేసి వేడిని నిలబెట్టుకుంటామన్నమాట. 1980 దశకం తొలినాళ్లలో లారీ వినియార్స్కీ అనే ఇంజనీరు ఓరెగాన్‌లోని అప్రొవేచో పరిశోధన కేంద్రంలో తక్కువ కట్టెలతో వండుకునే పొయ్యిగా దీని సూత్రాలను రూపొందించాడు. ఆ పొయ్యికి డ్రమ్మునూ, మట్టి అరుగునూ జోడించి ఇంటి హీటరుగా మలచినవాడు ఇయాంటో ఇవాన్స్. వేడి పొగను నేల కిందుగా, పడక కిందుగా నడిపించడం మాత్రం చాలా పాత విద్య. కొరియాలో ఒండోల్, ఉత్తర చైనాలో కాంగ్ అదే పని చేస్తాయి.

పొగ నడిచే దారి ఇది. కట్టెలు నిలువుగా నిలబడే పొట్టి గొంతు. దాని అడుగు నుంచి అడ్డంగా సాగే ఇటుకల సొరంగం. సొరంగం చివర, వేడి బయటికి పోకుండా దట్టంగా చుట్టిన నిలువు గొట్టం. మంట గొంతులో కిందికి, సొరంగంలో పక్కకి, నిలువు గొట్టంలో పైకి పరుగెడుతుంది. గొట్టం మీద బోర్లించిన డ్రమ్ము పైకప్పును తాకి, డ్రమ్ము గోడల వెంట కిందికి దిగి, అరుగులో పూడ్చిన గొట్టాల్లో ప్రయాణించి, చివరికి ఇంటి పొగగొట్టంలోకి చేరుతుంది. నిలువు గొట్టంలో వేడి 1,000 డిగ్రీలు దాటవచ్చు. అదే పొగ ఇల్లు దాటేటప్పటికి 60 నుంచి 90 డిగ్రీల మధ్య ఉంటే కట్టడం సరిగ్గా కుదిరినట్టు.

తట్ట పట్టుకోకముందు

మీ ఊరి భవన నిర్మాణ విభాగాన్నీ, ఇంటి బీమా సంస్థనూ ముందే అడగండి. చేత్తో కట్టిన పొయ్యిని కొన్ని చోట్ల ఒప్పుకుంటారు, కొన్ని చోట్ల ఒప్పుకోరు. కట్టాక అడిగితే కూలగొట్టాల్సి రావచ్చు. అనుమతి తేలేదాకా ఇటుక కూడా కొనకండి.

తరువాత నేల. మా అరుగు పొడవు ఎనిమిది అడుగులు, వెడల్పు రెండున్నర, ఎత్తు ఒకటిన్నర. లోపలి గొట్టాల ఖాళీ తీసేస్తే మిగిలే మట్టి ఇంచుమించు 1,200 కిలోలు. డ్రమ్ము, ఇటుకలు దానికి అదనం. చెక్క దూలాల మీద పలకలు పరిచిన నేల ఈ బరువు మోయదు. నేల మీద నేరుగా పోసిన కాంక్రీటు గచ్చు ఉంటే మంచిది. లేకపోతే ఆ మేరకు చెక్కనేలను కోసి, కింద భూమి నుంచి పునాది లేపాలి.

ఆ బరువే మనకు ఆస్తి. 1,200 కిలోల మట్టి 30 డిగ్రీలు వేడెక్కితే అందులో ఇంచుమించు తొమ్మిది యూనిట్ల కరెంటుకు సమానమైన వేడి నిలుస్తుంది. అంటే 900 వాట్ల హీటరు రాత్రి పది గంటల పాటు వెలిగినట్టు. మట్టి దండిగా లేని రాకెట్ పొయ్యి కట్టుకుంటే మంట ఉన్నంతసేపే వెచ్చదనం.

చోటు ఎంచుకునేటప్పుడు డ్రమ్ముకు అన్ని వైపులా మూడడుగుల దాకా చెక్క, పరదా, సోఫా ఏదీ లేకుండా చూడండి. డ్రమ్ము పైభాగం 400 డిగ్రీల దాకా పోతుంది. పసిపిల్లలున్న ఇల్లయితే చుట్టూ ఇనుప కటకటాల కంచె తప్పనిసరి.

ఒకే ఒక్క కొలత గుర్తుంచుకోండి

మాది ఎనిమిది అంగుళాల కట్టడం. అంటే గొట్టం అడ్డకొలత ఎనిమిది అంగుళాలు, దాని నోటి వైశాల్యం 50 చదరపు అంగుళాలు. గొంతు నుంచి పొగగొట్టం కొస దాకా ఎక్కడా దారి ఈ 50 కంటే చెప్పుకోదగ్గంత తగ్గకూడదు. ఒక్కచోట ఇరుకైనా పొగ వెనక్కి తిరిగి గదిలోకి వస్తుంది. పనిచేయని రాకెట్ పొయ్యిని చూడటానికి ఎవరైనా పిలిస్తే నేను టేపు తీసుకుని వెళ్లి మొదట ఇదే కొలుస్తాను.

అమెరికాలో దొరికే ఫైర్ బ్రిక్, అంటే మంట వేడిని తట్టుకునే ఇటుక, తొమ్మిది అంగుళాల పొడవు, నాలుగున్నర వెడల్పు, రెండున్నర మందం ఉంటుంది. ఒక ఇటుకను అంచు మీద నిలబెట్టి, దాని మీద ఇంకొకటి పడుకోబెడితే సరిగ్గా ఏడు అంగుళాల గోడ. రెండు గోడల మధ్య ఏడు అంగుళాలు వదిలితే 49 చదరపు అంగుళాల సొరంగం. పైన అడ్డంగా తొమ్మిది అంగుళాల ఇటుకలు కప్పితే రెండు వైపులా ఒక్కో అంగుళం ఆనుతుంది. ఇటుక కోయకుండానే కొలత కుదరడం ఈ పరిమాణంలో ఉన్న సుఖం.

పొడవులు ఇలా పెట్టుకోండి: సొరంగం నేల నుంచి గొంతు అంచు దాకా 16 అంగుళాలు, సొరంగం 24, సొరంగం నేల నుంచి నిలువు గొట్టం కొస దాకా 48. నిలువు గొట్టమే ఈ పొయ్యికి ఊపిరి. దాని ఎత్తు తగ్గించి డబ్బు మిగుల్చుకోవాలని చూడకండి. గొంతు ఎత్తు పెంచాలనీ చూడకండి. గొంతు పొడవైతే అదే ఒక పొగగొట్టమై మంట తలకిందులవుతుంది.

ముందు పెరట్లో, పొడిగా

ఇటుకలను మట్టి పూయకుండా ఆరుబయట పేర్చి మండించి చూడండి. దీన్ని దాటవేసి నేరుగా ఇంట్లో కట్టినవాళ్లు తరువాత అరుగు పగలగొట్టుకోవడం చూశాను. ఒక పూట పని, పైసా ఖర్చు లేదు.

గొంతు అడుగున నలిపిన కాగితం, దాని మీద అగ్గిపుల్లంత సన్నని పుల్లలు, ఆ తరువాత వేలెడు లావు పుల్లలు. మొదటి రెండు మూడు నిమిషాలు పొగ ఎటుపడితే అటు పోతుంది. నిలువు గొట్టం వేడెక్కే కొద్దీ గొంతు దగ్గర మంట నాలుక వంగుతుంది, కట్టెల మధ్య నుంచి కిందికి జారుతుంది. కొలిమి తిత్తి ఊదినట్టు గుయ్యిమనే చప్పుడు మొదలవుతుంది. గొంతు మీద అరచెయ్యి పెడితే గాలి లోపలికి పీల్చుకుపోవడం తెలుస్తుంది. గొట్టం కొసన పొగ పలచబడి, పలచబడి, చివరికి గాలి వణుకు తప్ప ఏమీ కనిపించదు. ఆ క్షణం చూశాకే ఇటుకల మీద గుర్తులు వేసుకుని లోపలికి మోయండి. చప్పుడు రాకపోయినా, పొగ ఆగకపోయినా, కొలతల దగ్గరికి తిరిగి వెళ్లండి.

నిలువు గొట్టంలో ఇనుము వద్దు

మొదటి ఏడాది నేను నిలువు గొట్టంగా మందపాటి ఇనుప గొట్టం పెట్టాను, చుట్టూ పెర్లైట్, అంటే వేడిని ఆపే తేలికపాటి రాతి గుళికలు, పోశాను. వసంతంలో డ్రమ్ము ఎత్తి చూస్తే లోపలి ఇనుము పొరలు పొరలుగా రాలి అడుగున కుప్ప పడి ఉంది. మిగిలినదాన్ని బొటనవేలితో నొక్కితే తడిసి ఎండిన అట్టముక్కలా విరిగింది. లోపలి వేడి ఎంతో నాకు అప్పుడు అర్థమైంది. మంట తగిలే చోట ఇటుకో, సిరామిక్ ఊలో (అంత వేడినీ తట్టుకునే, దూదిలాంటి పీచు) ఉండాలి. ఇనుము బయటి తొడుగుగా మాత్రమే పనికొస్తుంది.

ఇప్పుడున్నది తేలిక పద్ధతి. పది అంగుళాల పొగగొట్టం ముక్క తీసుకుని, లోపలి గోడకు అంగుళం మందం సిరామిక్ ఊలు దుప్పటిని చుట్టలా దూర్చాను. మిగిలిన నోరు ఎనిమిది అంగుళాలు. ఊలు తేలిక కనుక నిమిషాల్లో ఎర్రబడుతుంది, వేడిని బయటికి పోనివ్వదు. అయితే దాని నుసి ఊపిరితిత్తులకు చెడు, ఒకసారి బాగా కాలాక మరింత చెడు. కోసేటప్పుడు మాస్కు, చేతి తొడుగులు, నిండు చేతుల చొక్కా వేసుకోండి. తరువాత ఎప్పుడైనా ముట్టుకోవాల్సి వస్తే ముందు నీళ్లు చిలకరించండి.

ఇటుకల అడుగున మూడు నాలుగు అంగుళాల మందాన పెర్లైట్‌ను పలచని బంకమట్టి నీళ్లలో కలిపి పరవాలి. అది లేకపోతే కింది కాంక్రీటు పగులుతుంది, మంట వేడి నేలలోకి పోతుంది. ఇటుకల మధ్య సిమెంటు వాడకండి. ఆ వేడికి నిలవదు. సన్నని ఇసుక కలిపిన బంకమట్టిని మజ్జిగ కంటే కాస్త చిక్కగా చేసి, ఇటుకను అందులో ముంచి పెడితే చాలు.

డ్రమ్ము

55 గాలన్ల ఇనుప డ్రమ్ము, ఒక మూత పూర్తిగా ఊడివచ్చేది తెచ్చుకోండి. నూనె, తేనె, పళ్లరసం లాంటి తినే సరుకు నిలవ ఉంచినదైతే మేలు. రసాయనాలు, పెట్రోలు ఉంచినది ఎంత కడిగినా తీసుకోకండి. మూత బిగించి ఉన్న డ్రమ్మును మంటకు చూపితే పేలుతుంది. మూత తీసి, ఆరుబయట లోపలా బయటా చితుకుల మంట పెట్టి, రంగంతా కాలిపోయాక ఇనుప బ్రష్షుతో రుద్దండి. ఈ పని ఇంటికి దూరంగా, పొగ మీ మీదికి రాని వైపు నిలబడి చేయండి. తరువాత పొయ్యిలకు వేసే వేడి తట్టుకునే రంగు వేసుకోవచ్చు.

నిలువు గొట్టం కొసకూ, బోర్లించిన డ్రమ్ము కప్పుకూ మధ్య రెండు, రెండున్నర అంగుళాలు వదలాలి. డ్రమ్ము ఎత్తు సుమారు 35 అంగుళాలే కనుక సొరంగం కప్పు మీద ఆరేడు అంగుళాల ఇటుక వలయం కట్టి దాన్ని నిలబెడితే ఈ కొలత వస్తుంది. డ్రమ్ము కింది నుంచి అరుగు గొట్టంలోకి పొగ మలుపు తిరిగే చోటును మిగతా దారికంటే రెట్టింపు విశాలంగా కట్టండి. ఎగిరి వచ్చిన బూడిద అక్కడే రాలుతుంది. ఇరుకుగా కడితే ఒక్క చలికాలంలో మూసుకుపోతుంది. అక్కడ ఒక చిన్న తలుపు, గాలి చొరకుండా బిగిసేది, తప్పక పెట్టండి.

అడుసు తొక్కే పని

అరుగులోని గొట్టం పొడవుకు హద్దుంది. ఎనిమిది అంగుళాల కట్టడానికి 40 అడుగులు దాటకుండా చూసుకోండి. ప్రతి మూలమలుపునూ ఐదడుగులుగా లెక్కవేయాలి. మాది వెళ్లే వరస ఎనిమిది అడుగులు, వచ్చే వరస ఎనిమిది, మధ్యలో రెండు మలుపులు, పొగగొట్టంలోకి ఎక్కే మలుపు ఇంకొకటి. మొత్తం 31. ప్రతి మలుపు దగ్గరా మూత తీసి చెయ్యి పెట్టేలా ఒక ముక్క వదలండి. డ్రమ్ము పక్కనున్న మొదటి మూడు నాలుగడుగులకు జింకు పూత గొట్టం వద్దు. వేడికి జింకు విషపు ఆవిరి వదులుతుంది. అక్కడ నల్ల పొయ్యి గొట్టం వాడండి.

ఇక మట్టి. మన పల్లెల్లో మట్టి గోడ పెట్టినవారిని చూసి ఉంటే మీకు సగం పని తెలిసినట్టే. పెరటి మట్టిని గాజు సీసాలో సగం పోసి, నీళ్లు నింపి, బాగా కుదిపి వదిలేయండి. ఇసుక నిమిషంలో అడుగుకు చేరుతుంది, ఒండ్రు కొన్ని గంటల్లో, బంక మరునాటికి. పైన చేరిన బంక పొర ఎంతో చూస్తే ఇంకా ఎంత ఇసుక కలపాలో తెలుస్తుంది. మొత్తం మీద ఒక పాలు బంకకు మూడు పాళ్లు గరుకు ఇసుక ఉండాలి. టార్పాలిన్ మీద పోసి, నీళ్లు చల్లుతూ కాళ్లతో తొక్కండి. పిడికెడు తీసుకుని ఉండ చేసి నడుము ఎత్తు నుంచి వదలండి. పగిలి చెల్లాచెదురైతే బంక చాలలేదు లేదా నీళ్లు చాలలేదు. రొట్టెలా చదునైపోతే నీళ్లు ఎక్కువ. కాస్త అణిగినా ఉండలాగే నిలిస్తే పాకం కుదిరింది.

గొట్టాల చుట్టూ గడ్డి లేని మట్టి వేయాలి. గడ్డి వేడిని అడ్డుకుంటుంది. మధ్యమధ్య నదిరాళ్లు, పగిలిన కాంక్రీటు పెళ్లలు పొదగండి. మట్టికంటే రాయి వేడిని త్వరగా మోస్తుంది. ఖాళీ సందు మాత్రం మిగలకూడదు, ప్రతి రాయినీ తడి మట్టిలో కూర్చి నొక్కండి. బయటి రెండు అంగుళాల్లో మాత్రం తరిగిన గడ్డి కలిపితే పగుళ్లు రావు. మా గొట్టాల పైన ఐదు అంగుళాల మట్టి ఉంది. వేడి అంగుళం నడవడానికి గంట పడుతుందని ఈ పని తెలిసినవాళ్ల లెక్క. మా ఇంట్లో సాయంత్రం ఐదుకు మంట పెడితే పడుకునే వేళకు అరుగు పైభాగం వెచ్చబడుతుంది. చివరి పూతను మా ఆవిడ చేత్తో అలికింది. ఆమె వేళ్ల చారలు ఇప్పటికీ అరుగు అంచున కనిపిస్తాయి.

పొగగొట్టాన్ని గోడలోంచి అడ్డంగా బయటికి తీసి వదిలేయకండి. ఎదురుగాలి వీచిన రోజు పొగంతా ఇంట్లోకి వస్తుంది. ఇంటి కప్పు మీదుగా, వేడి చల్లారని రెండు పొరల గొట్టంతో తీయండి. కప్పును చీల్చుకు వచ్చిన చోట నుంచి కనీసం మూడడుగులు, చుట్టూ పదడుగుల్లో ఉన్న ఎత్తైన దానికంటే రెండడుగులు పైకి ఉండాలి. కప్పు దగ్గరి పని చేత కాకపోతే దానికి మాత్రం పనివాడిని పిలవండి.

తొలి మంటలు, రోజువారీ తీరు

అరుగు పూర్తిగా ఆరడానికి వారాలు పడుతుంది. అందుకే వేసవిలోనే కట్టి ముగించాలి. మొదటి వారం రోజుకు ఒక గంట చిన్న మంట పెట్టండి. అరుగు చెమర్చుతుంది, గొట్టం కొసన తెల్లని ఆవిరి వస్తుంది. కంగారు పడనక్కర్లేదు. వెంట్రుకవాసి పగుళ్లు వస్తే తడి మట్టితో మెత్తండి.

రెండు వేసవులు ఎండిన కట్టె వాడండి. తేమ 20 శాతం దాటితే ఈ పొయ్యి కూడా పొగ వదులుతుంది. తేమ కొలిచే చిన్న మీటరు కొనుక్కోండి, కట్టెను చీల్చి లోపలి ముఖం మీద కొలవండి. మణికట్టు లావుకు మించకుండా చీల్చి, గొంతులో పెన్సిళ్లు సర్దినట్టు నిలువుగా నిలబెట్టాలి. అడుగు కాలుతున్న కొద్దీ కట్టె తన బరువుకు తానే దిగుతుంది. మన పొయ్యిలోలా ఎగదోసే పని లేదు, అరగంటకోసారి చూస్తే చాలు. నిప్పులన్నీ బూడిదయ్యాకే గొంతు మీద ఇటుక మూత పెట్టండి. ముందే మూస్తే కార్బన్ మోనాక్సైడ్ అనే విషవాయువు తయారవుతుంది. దానికి వాసన ఉండదు. పొయ్యి ఉన్న గదిలో ఒకటి, పడకగది బయట ఒకటి అలారాలు పెట్టండి, బ్యాటరీ నెలకోసారి పరీక్షించండి. ఇల్లు గాలి చొరకుండా బిగువుగా కట్టినదైతే పొయ్యి మండేటప్పుడు కిటికీ కాస్త తెరవండి, వంటింటి పొగ లాగే ఫ్యాను ఆపండి. ఆ ఫ్యాను బలంగా లాగితే మంట తలకిందులై గదిలోకి వస్తుంది.

చాలా రోజులు వాడకుండా వదిలేశాక గొట్టంలో చల్లగాలి పేరుకుని ఉంటుంది. అప్పుడు గొంతులో కాక, పొగగొట్టం అడుగునున్న మూత తీసి రెండు కాగితాలు వెలిగించి మూయండి. గాలి కదలడం మొదలయ్యాక గొంతులో పుల్లలు అంటించండి.

సొరంగంలోని బూడిదను వారానికోసారి చిన్న పారతో తీస్తాను. ఏప్రిల్‌లో డ్రమ్ము దగ్గరి తలుపు, మలుపుల మూతలు అన్నీ తెరిచి, కట్టెకు కట్టిన బ్రష్షును గొట్టాల్లో నడిపిస్తాను. చలికాలమంతటికీ వచ్చేది ఒక బక్కెట్టుకు మించని బూడిద, తెల్లగా, పిండిలా మెత్తగా ఉంటుంది. చేతికి మసి అంటితే ఆ ఏడాది ఎక్కడో తడి కట్టె వాడామని అర్థం, అప్పుడు కట్టెల పాక కప్పు ఎక్కి ఎక్కడ కారుతోందో చూస్తాను.